మడత మెట్లు బిగుసుకుపోయాయి, గ్రీజు పెట్టాలా, మార్చేయాలా?

హ్యూస్టన్_గోదారోడు:
అందరికీ నమస్తే. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే, లోపలే ఉండగలిగే బండి) కొన్నాను, ముందు ఓనర్ మిషిగన్‌లో వాడిన బండి. ఏసీ, ఫ్రిజ్ అన్నీ పనిచేస్తున్నాయి, తలుపు దగ్గరి మడత మెట్లతోనే చచ్చే చావుగా ఉంది. ఫ్రేమ్ కింద వేలాడే రెండు మెట్ల ఇనప సెట్టు, కరెంటుది కాదు, చేత్తో లాగేదే. బయటికి రావాలంటే రెండు చేతులూ పెట్టి ఊపాలి, మడిచేటప్పుడు సగంలో ఆగిపోతుంది, కాలితో తంతే గానీ లోపలికి పోదు. కుడివైపు ఇంకాస్త ఎక్కువ పట్టేసినట్టుంది. డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొడితే ఆ పూటకి సాఫీగా వస్తుంది, హైవే ఎక్కి దిగేసరికి మళ్ళీ మొదటికే.

వచ్చే నెల అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు, పాడ్రే ఐలండ్ బీచ్‌కి తీసుకెళ్దామని ప్లాన్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. గ్రీజు దట్టంగా పూసేస్తే సరిపోతుందా? సర్వీస్ షాపు వాళ్ళని అడిగితే సెట్టు మొత్తం మార్చేయమంటున్నారు, వాళ్ళు ఇంకేమంటారు లెండి.

పానా_పట్టకారు:
అప్పుడే మార్చొద్దండీ. మిషిగన్ బండి అన్నారు కాబట్టి సగం కారణం అక్కడే ఉంది. చలికాలంలో అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, టైర్లు ఎగజిమ్మే ఆ ఉప్పునీళ్ళు, మట్టి అన్నీ మెట్లకే తగులుతాయి, రివెట్ల సందుల్లో చేరి తుప్పుగా గట్టిపడతాయి. ఆ పైన ఎంత నూనె కొట్టినా లోపలి చెత్త లోపలే ఉంటుంది.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. 1953లో శాన్ డియేగోలో దాన్ని తయారు చేసిందే లోహం మీద నీటిని తరిమి తుప్పు పట్టకుండా ఆపడానికి, ఆ డబ్ల్యూడీ అంటే కూడా అదే. బిగిసినదాన్ని కదిలించడానికి పనికొస్తుంది, కానీ పల్చటి నూనె కదా, ఎక్కువ రోజులు నిలవదు. మీకు ఒక పూట పనిచేసి ఆగిపోతున్నది అందుకే. అదే కంపెనీ డ్రై ల్యూబ్ (జిడ్డు లేకుండా ఆరిపోయే కందెన) అని వేరే డబ్బా కూడా అమ్ముతుంది, అది వేరు, ఇది వేరు.

ముందు కడగాలి. మెట్లు పూర్తిగా బయటికి లాగి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో, గట్టి బ్రష్‌తో ప్రతి కీలూ రెండు వైపులా రుద్దండి, తుప్పు పొరలున్న చోట వైర్ బ్రష్. ఆరాక కీళ్ళలోకి పీబీ బ్లాస్టర్ లాంటి పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగే పల్చటి నూనె) కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున తెరుస్తూ మూస్తూ ఉంటే ఎర్రటి బురద కారుతుంది, తుడవడం, మళ్ళీ కొట్టడం, మళ్ళీ ఆడించడం, కారేది శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని. విసుగే, కానీ అసలు రిపేరు ఇదే. చివర్లో నూనె మొత్తం తుడిచేసి టెఫ్లాన్ రకం డ్రై ల్యూబ్ గానీ, సిలికాన్ స్ప్రే గానీ కొట్టి ఆరనివ్వండి.

గ్రీజు మాత్రం పైపైన పూయకండి. చక్రాల దుమ్మంతా దానికి అంటుకుని, ప్రతిసారీ కీలుని గరుకు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. కొన్ని సెట్లకి కీళ్ళ దగ్గర గ్రీజు నిపుల్స్ (లోపలికి గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) ఉంటాయి, అవి ఉంటే సంగతి వేరు, గ్రీజు గన్‌తో పాత నల్ల గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టి, కారినదాన్ని తుడిచేయండి.

వరంగల్_టు_డెన్వర్:
పైన చెప్పింది కరెక్టే, కానీ కుడివైపే ఎక్కువ పడుతోంది అన్నావు చూడు అన్నా, నాకు అక్కడే డౌటు. మురికి అయితే రెండు పక్కలా దాదాపు ఒకేలా పట్టేయాలి. ఒక పక్కే అంటే మెట్టు వంగి ఉండొచ్చు. పాత ఓనర్ మెట్లు సరిగ్గా మడవకుండా బండి కదిలించి ఫుట్‌పాత్ అంచుకో, పెట్రోల్ బంకు గట్టుకో తగిలించాడేమో.

చెక్ చేయడం ఈజీ. మెట్టుకీ పక్క పట్టీకీ మధ్య గ్యాప్ రెండు వైపులా టేపు పెట్టి కొలువు. రంగు పోయి ఇనుము మెరుస్తున్న గీత కనిపించిందంటే అక్కడ రాసుకుంటోంది. కొద్దిగా వంగితే క్లాంపు పెట్టి మెల్లగా సరిచేయొచ్చు, సుత్తి మాత్రం ఎత్తకు, వెల్డింగ్ పగులుతుంది. కీళ్ళకి రివెట్లు కాకుండా బోల్టులు ఉంటే నట్టు మరీ బిగించారేమో చూడు, కొంచెం వదులు చేస్తే చాలు, ఊడిపోకుండా నైలాన్ ఉన్న లాక్ నట్టే ఉండాలి.

రంధ్రాలు అరిగి కోలగా అయినా, ఫ్రేమ్‌కి పట్టే చోట వెల్డింగ్‌లో పగులు కనిపించినా ఆలోచించకు, సెట్టు మార్చేయి. కొత్తది ఆర్డర్ చేసే ముందు బోల్టు రంధ్రాల మధ్య దూరం, మెట్టు వెడల్పు, దించినప్పుడు ఎంత కిందికొస్తుందో కొలుచుకో. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, రంధ్రాలే కలవవు.

శాంతక్క_శాన్_ఆంటోనియో:
తమ్ముడూ, పాడ్రే ఐలండ్ అంటున్నావు కాబట్టి చెప్తున్నా. అక్కడ ఉప్పుగాలి, సన్నటి ఇసుక రెండూ ఉంటాయి, నువ్వు చేసిన పనంతా వారంలో పాడవుతుంది. నేషనల్ సీషోర్‌లోని మలకీట్ క్యాంపుగ్రౌండ్‌లో సైట్ దగ్గర నీళ్ళ, కరెంటు కనెక్షన్లు ఉండవు. అందుకని తిరిగొచ్చిన రోజే మంచినీళ్ళతో మెట్లు, ఫ్రేమ్ కింద బాగా కడిగి, ఆరాక మళ్ళీ డ్రై ల్యూబ్ కొట్టు.

ఇంకోటి, స్ప్రింగుతో జాగ్రత్త. ఇప్పుడు బిగిసి ఉంది కాబట్టి మెల్లగా వస్తోంది, శుభ్రం చేశాక టక్కున మూసుకుంటుంది, వేళ్ళు నలుగుతాయి. స్ప్రింగు ఉన్న కీలు దగ్గర చెయ్యి పెట్టకు.

నాన్నగారి విషయానికొస్తే, మెట్లు ఎంత సాఫీగా వచ్చినా ఎక్కేటప్పుడు ఊగుతాయి. కింది మెట్టు కింద పెట్టే ఎత్తు సవరించుకునే స్టాండు దొరుకుతుంది, అది కొను. తలుపు పక్క పట్టుకుని ఎక్కే మడత హ్యాండిల్ లేకపోతే అదీ బిగించు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెట్టు కన్నా పట్టుకోడానికి ఏముందన్నదే ముఖ్యం. మెట్టు మీద బరువు పరిమితి స్టిక్కర్ కూడా చూసుకో, దాని మీద ఇద్దరు ఒకేసారి నిలబడకూడదు.

హ్యూస్టన్_గోదారోడు:
థాంక్స్ అందరికీ. శనాదివారాలు దీనికే పోయాయి. కడిగితే ఎంత మట్టి వచ్చిందో నమ్మలేకపోయా. అన్న చెప్పినట్టే కుడి పట్టీ మీద మెరుస్తున్న గీత ఉంది, పట్టీ కొద్దిగా లోపలికి వంగింది, క్లాంపుతో లాగితే చాలావరకు సర్దుకుంది. వెల్డింగ్ బాగానే ఉంది. ఇప్పుడు ఒంటి చేత్తో వస్తోంది, మడిస్తే పూర్తిగా లోపలికి పోయి పడుతోంది. స్టాండు ఆర్డర్ పెట్టా. తుప్పు గీకిన చోట రంగు వేయనా?

పానా_పట్టకారు:
వేయండి, తుప్పు నిరోధక ప్రైమర్ మీద. కీళ్ళకి మాత్రం టేపు అంటించి వేయండి, రంగు సందుల్లోకి పోతే మళ్ళీ బిగుస్తుంది. మెట్ల మీద పాత గరుకు టేపు ఊడి ఉంటే కొత్తది అంటించండి.

నిజాంపేట్_నితిన్:
మాది కరెంటు మెట్లు, తలుపు తీస్తే సగం వచ్చి ఆగుతున్నాయి. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

వరంగల్_టు_డెన్వర్:
ముందు ఫ్యూజు తీసేయి తమ్మీ, చెయ్యి లోపల ఉండగా మోటారు తిరిగితే కష్టం. తర్వాత మోటారుకీ మెట్టుకీ మధ్య ఉన్న లింకు పిన్ను తీసి, మెట్టుని చేత్తో కదిపి చూడు. బిగుసుగా ఉంటే పైన చెప్పినట్టు కడుగు. సాఫీగా వస్తే మోటారు, గ్రౌండ్ వైరు, తలుపుకుండే మాగ్నెట్ స్విచ్ చూడాలి, ఏ మోడలో రాసి ఫోటోతో వేరే పోస్టు పెట్టు.