సుమత్రాలో గుగ్గిలం అడవి పెంచిన పహ్‌మూంగన్ ఊరు: అక్కడి రైతుల సంగతి తెలిసినవాళ్లున్నారా?

సీలేరు గాలి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను పాడేరు వైపు కాఫీ రైతుల సంఘాలతో పనిచేస్తాను. మా కొండల్లో ఒకప్పటి పోడు భూములన్నీ ఇప్పుడు కాఫీ తోటలే. కాఫీకి నీడగా సిల్వర్ ఓక్, ఆ చెట్ల మీద మిరియాల తీగ. రైతులకు డబ్బు కనబడుతోంది, కాదనను. కానీ ఏ కొండ చూసినా అవే మూడు మొక్కలు.

ఈమధ్య ఒక శిక్షణలో సుమత్రా దీవిలోని క్రూయి ప్రాంతం గురించి చెప్పారు. అక్కడి చిన్న రైతులు తమ పోడు భూముల్లో గుగ్గిలం జాతి చెట్టు నాటి, తరాల పాటు పెంచి నిజమైన అడవి తయారుచేశారట. పహ్‌మూంగన్ అనే ఊరి పేరు ప్రత్యేకంగా చెప్పారు. విన్న దగ్గర్నుంచి అదే ఆలోచన. ఇరవై ఏళ్లకు గానీ జిగురు ఇవ్వని చెట్టును ఎకరం, రెండెకరాల రైతు ఎలా నాటగలిగాడు? అన్నేళ్లూ ఏం తిన్నాడు? ఆ భూమి ఎవరి పేరు మీద ఉంది? ఇవి నా సందేహాలు మాత్రమే కాదు, రేపు ఈ సంగతి చెబితే మా రైతులు నన్ను అడిగేవి కూడా ఇవే. ఆ ఊరు చూసినవాళ్లుంటే దయచేసి వివరంగా రాయండి.

డామర్ బస్తా:

అమ్మా, నేను ఆ సరుకు కొనేవాణ్ణే. మాది ఒంగోలు. ధూపం తయారుచేసేవాళ్లకు, వార్నిష్ కలిపేవాళ్లకు ఇండోనేషియా నుంచి డామర్ తెప్పించి ఇస్తాను. మీరు చెప్పిన గుగ్గిలం జాతి చెట్టునూ, దాని జిగురునూ అక్కడ డామర్ అనే అంటారు. సరుకు చూసుకోవడానికి క్రూయి వెళ్లినప్పుడల్లా పహ్‌మూంగన్‌లో గుగ్గిలం పోగుచేసే ఒక పెద్దాయన ఇంట్లో దిగుతాను. కాబట్టి కళ్లతో చూసిందే చెబుతున్నాను.

సుమత్రా దక్షిణపు కొసన లాంపుంగ్ రాష్ట్రం ఉంటుంది. దాని పడమటి తీరంలో ఒక పక్క హిందూ మహాసముద్రం, ఇంకో పక్క బుకిట్ బారిసాన్ కొండలు. ఆ రెంటి మధ్య సన్నటి పట్టీలో క్రూయి. 2012లో పెసిసిర్ బారత్ అని కొత్త జిల్లా చేశాక క్రూయి దానికి ముఖ్యపట్టణమైంది. బయటివాళ్లు అక్కడికి ఎక్కువగా సముద్రపు అలల మీద సర్ఫింగ్ కోసమే వస్తారు. పహ్‌మూంగన్ చూడాలంటే సముద్రానికి వీపు తిప్పి కొద్ది దూరం లోపలికి పోవాలి. ఊరిని వాళ్లు పెకోన్ అంటారు, సర్పంచిని పెరాతిన్ అంటారు. లాంపుంగ్ భాష మాట్లాడే ముస్లింలు. పల్లంలో వరిమళ్లు, వాటి పక్కన ఇళ్లు, ఇళ్ల వెనకనుంచే చెట్లు మొదలవుతాయి.

ఆ చెట్ల కిందికి వెళ్తే అది తోట అని ఎవరూ చెప్పలేరు. డామర్ చెట్లు తల వెనక్కి వాల్చినా చివర కనబడనంత ఎత్తు. వాటి మధ్యన దురియన్, దుకు, రంబుటాన్, మాంగొస్టీన్. పెతాయ్ అని ఘాటు వాసన గల గింజల చెట్టు, వెదురు, చక్కెర తాడి కూడా. పొద్దున్నే కొండ మీద నుంచి సియామాంగ్ అనే నల్ల గిబ్బన్లు అరుస్తాయి, ఆ కేక ఊరంతా వినబడుతుంది. ఈ తోటను వాళ్లు రెపోంగ్ అంటారు. ఫలానా చెట్టు ఫలానా ఇంటిదని ఊళ్లో అందరికీ తెలుసు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇరవై ఏళ్లు ఓపిక పట్టి అడవిని పెంచారని బయటివాళ్లు గొప్పగా రాస్తారు. అలా చెబితే మీ రైతులు నమ్మరు, నమ్మకపోవడమే సరైంది. ఆకలిగా ఉన్నవాడు అంత కాలం ఆగలేడు. అక్కడ జరిగింది వేరు. తుప్పలు కొట్టి, కాల్చి, మొదటి ఒకటి రెండేళ్లు మెట్టవరి వేశారు. అంటే మన పోడే. ఆ వరిలోనే కాఫీ మొక్కలు పెట్టారు. వరి అయిపోయేసరికి కాఫీ అందుకుంది, తర్వాత మిరియం తీగ వచ్చింది. డామర్ మొక్కను కాఫీ సాళ్ల మధ్యనే పెట్టేశారు. ఆ మొక్కకు చిన్నతనంలో నీడ కావాలి, ఆ నీడ కాఫీయే ఇచ్చింది. కాఫీకి తీసే కలుపు, కాఫీ చుట్టూ చేసే పని డామర్‌కూ సరిపోయింది. దానికోసం విడిగా కూలి పెట్టింది లేదు. కాఫీ కాపు తగ్గి, మిరియం ముసలిదై రైతు ఆ భూమి చెక్కను వదిలేసే నాటికి డామర్ తలెత్తి నిలబడింది, పక్కన నాటిన పండ్ల చెట్లూ ఎదిగాయి. కింద తుప్ప పెరిగినా అది ఇక తట్టుకుంటుంది. రైతు ఈలోగా ఇంకో చెక్కలో వరి, కాఫీ మొదలుపెట్టి ఉంటాడు.

అలా ఇరవై, పాతికేళ్లకు మాను చేతికొస్తే గాట్లు పెట్టడం మొదలవుతుంది. ఒకసారి మొదలైతే దశాబ్దాల పాటు ఆదాయం. వెనక, పందొమ్మిదో శతాబ్దం దాకా, వీళ్ల పూర్వులు అడవిలో దానంతటదే పెరిగిన చెట్ల నుంచే గుగ్గిలం తెచ్చేవారు. కొనేవాళ్లు పెరిగి అడవి చెట్లు తరిగిపోయాక, ఆ శతాబ్దం చివర్లో నాటడం మొదలుపెట్టారు. వాళ్లకు ఎవరూ పథకం ఇవ్వలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎక్కేవాళ్లు పేముతో చేసిన పట్టీ నడుముకీ మానుకీ కలిపి వేసుకుంటారు. గాటు గుంతలనే మెట్లుగా చేసుకుని పాదాలు పెడుతూ పైకి పోతారు. గుంతలో గడ్డకట్టిన జిగురును చిన్న గొడ్డలితో గీకి బుట్టలో వేసుకుని, అదే గుంత అంచును కొంచెం చెక్కి వస్తారు. మళ్లీ కొన్ని వారాలకు అదే చెట్టు దగ్గరికి. కిందికి వచ్చాక బుట్టల్లో మోసి ఊళ్లో సేకరించేవాడికి అమ్ముతారు. అక్కడ ఆడవాళ్లు జల్లెడ పట్టి, బెరడు ఏరి, ముక్క సైజును బట్టి, తేటదనాన్ని బట్టి వేరు చేస్తారు. పెద్ద తేట ముక్కలకు మంచి రేటు, అవి పెయింటు, వార్నిష్ వాళ్లకు. జావా దీవిలో బాతిక్ బట్ట మీద అద్దే మైనంలోనూ కలుపుతారు. నేను ఎక్కువగా తెచ్చేది చిన్న ముక్కలు, పొడి. మీరు ఇంట్లో వెలిగించే ధూపం కప్పులో బహుశా ఆ ఊరి చెట్టే ఉంటుంది.

తపసి చెట్టు:

చాలా విలువైన సంగతులు రాశారు. నేను ఏజెన్సీలో చాలాకాలం జిగురు కొనుగోళ్ల దగ్గర పనిచేసినవాణ్ణి. మన దగ్గర తపసి జిగురు కథ తెలుసు కదా. ఎక్కువ జిగురు కోసం గొడ్డలితో లోతుగా నరికేవారు, చెట్టు కొన్నాళ్లకే ఎండిపోయేది. గిరిజన సహకార సంస్థ వాళ్లు చిన్న గాటు పెట్టే పద్ధతి నేర్పించాకే కొన్నిచోట్ల పరిస్థితి మారింది. అడవిలో చెట్టు ఎవరిదీ కాకపోతే ముందు వచ్చినవాడు ఉన్నదంతా పిండుకుపోతాడు. నేను చూసిన నష్టమంతా అక్కడే. మరి డామర్ చెట్టుకు అన్ని గుంతలు చేస్తే చావదా? ఇంకో చిన్న సందేహం, సాంబ్రాణి కూడా ఈ ఊళ్ల నుంచే వస్తుందా?

డామర్ బస్తా:

అన్నా, సాంబ్రాణి వేరే చెట్టు. అదీ సుమత్రాదే కానీ ఉత్తరాన, తోబా సరస్సు వైపు కొండల్లో తీస్తారు. క్రూయికి దానికి సంబంధం లేదు.

చెట్టు చావడం గురించి మీరు సరిగ్గా పట్టుకున్నారు. గాటు త్రికోణంలా, చిన్నగా మొదలవుతుంది. చెక్కిన కొద్దీ లోతవుతుంది. పద్ధతి తెలిసినవాడు వరుసకూ వరుసకూ మధ్య బెరడు వదులుతాడు, చెట్టుకు విశ్రాంతి ఇస్తాడు. అయినా ఏళ్ల మీద లోపల పుచ్చుతుంది, గాలివానకు కొన్ని విరుగుతాయి. విరిగిన చోట వెలుతురు పడుతుంది కదా, అక్కడ కొత్త మొక్క పెడతారు. కొన్ని ముందే పెట్టి ఉంటాయి. తోట మొత్తం ఒకేసారి కొట్టి మళ్లీ నాటే రోజు ఎప్పటికీ రాదు. ఒక్కో చెట్టే మారుతుంటుంది.

పిండేయడం అక్కడా ఉంది. డబ్బు అవసరమై రెపోంగ్ తాకట్టు పెడితే, పట్టుకున్నవాడు తన గడువు లోపల ఎంత వస్తే అంత లాగాలని చూస్తాడు. వారం వారం గీకుతాడు, జిగురు సరిగా గట్టిపడకముందే తెస్తాడు. అలాంటి సరుకు చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది. అందుకే పెద్దలు అమ్మకాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఆనవాయితీ ప్రకారం రెపోంగ్ పెద్ద కొడుక్కి పోతుంది. కానీ అది అతని సొంతానికి మాత్రమే అనుకోరు, తల్లిదండ్రులను చూడటం, తమ్ముళ్లు, చెల్లెళ్లు నిలదొక్కుకునే దాకా భరించడం అతని బాధ్యత. అమ్మాలంటే కుటుంబమంతా కూర్చోవాలి. చిన్న కొడుకులకు ఇది అన్యాయమని నాకు అనిపిస్తుంది, అక్కడి కుర్రాళ్లు కొందరు కూడా అదే అంటారు. కానీ తోట ముక్కలు కాకుండా నిలిచిందంటే ఈ కట్టుబాటు కూడా ఒక కారణం.

సీలేరు గాలి:

సార్, చదువుతుంటే మా ఊళ్లే కళ్లముందు కదిలాయి. పట్టా సంగతి కూడా చెప్పండి. మా దగ్గర అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్లు చెట్టు నాటడానికి ముందుకొస్తున్నారు, రానివాళ్లు కాఫీ దగ్గరే ఆగిపోతున్నారు. అక్కడ ప్రభుత్వం ఏమంది? ఇంకోటి, ఆ విత్తనం తెప్పించుకోవచ్చా?

డామర్ బస్తా:

పట్టా దగ్గర వాళ్లూ చాలా నలిగారమ్మా. క్రూయిలో పదహారు మర్గాలు ఉన్నాయి, మర్గా అంటే ఒక వంశపు ఏలుబడి కింది ప్రాంతం అనుకోండి. తాత నాటిన చెట్టుకు మనవడిదే హక్కని వాళ్ల లెక్క. ప్రభుత్వ పటంలో మాత్రం ఆ రెపోంగ్‌లలో చాలా భాగం ప్రభుత్వ అటవీ భూమి అని గీశారు. పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది మరి! వాళ్లు అంత బాగా పెంచడమే వాళ్లకు చేటయింది. 1990ల్లో కలప కంపెనీకి, పామాయిల్ కంపెనీకి ఆ నేల మీద కన్ను పడింది. ఊళ్లు ఎదురు నిలబడ్డాయి, పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు తోడయ్యాయి. 1997లో క్రూయి ప్రజలకు కల్పతరు అనే జాతీయ పర్యావరణ పురస్కారం వచ్చింది. 1998 జనవరిలో అటవీ మంత్రి జమాలుద్దీన్ సూర్యోహాదికుసుమో 29,000 హెక్టార్లను ప్రత్యేక ప్రయోజన ప్రాంతంగా ప్రకటించారు. నాటిన చెట్టును చూసుకునే, కోసుకునే హక్కు స్థానిక సమాజానిదే అని ఒప్పుకున్నారు.

అందులో ఒక మెలిక ఉంది. హక్కు ఇచ్చారు గానీ, నేల మాత్రం ప్రభుత్వ అడవిగానే మిగిలింది. ఆ కాగితం తీసుకుంటే నేల మాది కాదని మేమే ఒప్పుకున్నట్టవుతుందని కొందరు పెద్దలు వెనకాడారు. 2013 మేలో ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం ఆదివాసీ సమాజాల సంప్రదాయ అడవి ప్రభుత్వ అడవి కాదని తీర్పిచ్చింది. తీర్పు గొప్పదే. దాన్ని ఊరి పేరు మీద కాగితంగా తెచ్చుకోవడం మాత్రం ప్రతి చోటా విడిగా పోరాడాల్సిన పని. కాబట్టి మీ రైతులు చెట్టు కన్నా ముందు పట్టా అడిగితే వాళ్లను తప్పు పట్టకండి.

నాకు భయం కలిగించేది ఇంకోటుంది. గుగ్గిలం ధర పడిపోయిన రోజుల్లో రంపం మిషన్ వాళ్లు ఊళ్లో తిరుగుతారు. ముసలి డామర్ మాను కలపగా కొంటారు. పిల్లవాడి చదువు, ఆస్పత్రి ఖర్చు, పెళ్లి, ఏదో ఒకటి తరుముతుంది. కుర్రాళ్లు జావా పోయి పనిచేస్తామంటారు, అంతెత్తు ఎక్కడానికి మనిషి దొరకడు. మేం కొనేవాళ్లం కిలోకి కాస్త బేరం తగ్గించినప్పుడు ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో అక్కడికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. అందుకే నేను ఏరిన సరుకును ఊరి దగ్గరే కొంటాను, ఏరిన కూలి ఆ ఊళ్లోనే మిగలాలని.

విత్తనం విషయం. వద్దు. డామర్ ఏటా కాయదు, కొన్నేళ్లకోసారి విరగకాస్తుంది. గింజ రాలిన రోజుల్లోనే మొలుస్తుంది, దాచిపెడితే చచ్చిపోతుంది. పైగా అక్కడ ఏడాది పొడుగునా వానలు, మీకు వేసవి ఎండ. మీరు నేర్చుకోదగ్గది వాళ్ల నారుమడి. కాపు వచ్చిన ఏడాది మొలకలన్నీ ఏరి తెచ్చి చెట్ల నీడలో దగ్గర దగ్గరగా గుచ్చి పెడతారు. ఆ నీడలో అవి పెద్దగా ఎదగవు, చావవు. ఏళ్ల తరబడి అలాగే చేతికి అందుబాటులో ఉంటాయి. పొలం సిద్ధమైనప్పుడు తీసి నాటుకుంటారు. ఎవరి నారుమడి వాళ్లదే, పక్కింటికి కావాలంటే ఇస్తారు.

మీ దగ్గర సిల్వర్ ఓక్ ఒక్కటే ఉన్న చోట్ల, కాఫీ సాళ్ల మధ్య ఖాళీలో పనస, కల్లు తీసే జీలుగు, కరక్కాయ, తపసి, మీ కొండ మీద దొరికితే మన గుగ్గిలమే పెట్టొచ్చు. ఏది పెట్టినా, కాఫీకి చేసే పనిలోనే దాని పనీ అయిపోవాలి. విడిగా కూలి అడిగే మొక్క నిలవదు. తపసి చెట్టు అన్నగారు అక్కడ ఏ మొక్క దేనికి పనికొస్తుందో నాకన్నా బాగా చెబుతారు.

తపసి చెట్టు:

తప్పకుండా. అమ్మా, మీ ఊరు ఎంత ఎత్తులో ఉందో, వాలు ఎటు తిరిగి ఉందో రాయండి. తపసి రాళ్ల నేలలో, ఎండ తగిలే చోట బాగుంటుంది, కాఫీ నీడలో పెడితే వృథా. దాన్ని తోట అంచు మీద పెట్టించండి. జీలుగు మాత్రం వాగు పక్కన, తడి ఉన్న చోట. పనసకు పంపకం తగాదా రాకుండా ఎవరి చెట్టు ఏదో నాటిన రోజే సంఘం పుస్తకంలో రాయించండి.