సువర్ణరేఖ పెద్ద కొమ్మలు ఇప్పుడే కొట్టించాలా, సంక్రాంతి దాకా ఆగాలా?

గోపాలపట్నం పెరడు (జులై 6)

మాది విశాఖపట్నం. పెరట్లో మా మామగారు వేసిన సువర్ణరేఖ మామిడి ఉంది, ముప్పై ఏళ్ళు దాటింది. ఈ ఏడు కాయ మే నెలలోనే దించేశాం. ఇప్పుడు రెండు కొమ్మలతో ఇబ్బందిగా ఉంది. ఒకటి పక్కింటివాళ్ళ రేకుల షెడ్డు మీదికి వెళ్ళింది, తొడంత లావుంటుంది. రెండోది మా డాబా మీద నీళ్ళ ట్యాంకు దాటి సర్వీసు వైరు దగ్గరకొచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఇదే చెట్టు కొమ్మ ఒకటి విరిగి ప్రహరీ మీద పడింది. అప్పటి నుంచి అక్టోబరు వస్తోందంటే ఇంట్లో అందరికీ టెన్షనే.

తుఫాన్ల లోపే తీసేయమని పక్కింటి పెద్దాయన అడుగుతున్నారు. చెట్లు కొట్టే అతనేమో వానల్లో కోస్తే మాను కుళ్ళిపోతుంది, సంక్రాంతి వెళ్ళాక పైనంతా మొండి చేసేస్తాను, గుబురుగా చిగురిస్తుంది అంటున్నాడు. మా అత్తగారికి ఆ చెట్టంటే ప్రాణం. కొమ్మ కొడితే వచ్చే ఏడు కాపు ఉండదేమోనని ఆవిడ బాధ. అసలు ఎప్పుడు కొట్టించాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

నూజివీడు తోట (జులై 6)

అమ్మా, సంక్రాంతి దాకా ఆగవద్దు. ఈ నెలలోనే చేయించండి, ఆగస్టు మొదటి వారం దాటనివ్వకండి.

ఎందుకో చెబుతాను. మామిడి పూత ముదిరిన కొమ్మ చివర్లలో వస్తుంది. ఇప్పుడు కోస్తే వానలకి కొత్త చిగురు వేసి, నాలుగైదు నెలల్లో ముదిరి పూతకి తయారవుతుంది. మీది సువర్ణరేఖ, తొందరగా పూసే రకం, కాబట్టి మీకు టైము ఇంకా తక్కువ. సెప్టెంబరు దాటాక కోస్తే డిసెంబరుకి లేత ఆకులు తప్ప పూత కనపడదు. సంక్రాంతి తర్వాత అయితే పూతతో, పిందెతో ఉన్న కొమ్మని కొట్టినట్టే. పైగా అన్నేళ్ళు నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా వేసవి ఎండకి బయటపడి మాడి పగులుతుంది.

వానల్లో కోస్తే కుళ్ళుతుందని ఆయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. తడి మీద కోసిన చోట బూజు తెగుళ్ళు పట్టుకుంటాయి. అందుకని ముసురు వదిలి మూడు నాలుగు రోజులు పొడిగా ఉండే వీలు చూసుకుని, పొద్దున్నే మొదలుపెట్టించండి. ముందు చెట్టు దగ్గరకెళ్ళి చిగుళ్ళు చూడండి. ఎర్రటి లేత ఆకులు వేలాడుతుంటే అవి పచ్చబడేదాకా కొన్నాళ్ళు ఆగండి. చెట్టు తన సత్తువంతా అప్పుడు ఆ చిగురుకే పెట్టేసి ఉంటుంది. ఎండిపోయినవి, బదనిక (కొమ్మ మీదే మొలిచి దాని రసం పీల్చే మొక్క) పట్టినవి మాత్రం ఏ నెలలోనైనా తీసేయవచ్చు.

మొండి చేయనివ్వకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఈ వయసు చెట్టుకి ఒకేసారి నాలుగో వంతు కన్నా ఎక్కువ గుబురు తీయకూడదు. మొండి మాను మీద పుట్టే కొమ్మలు నిటారుగా లేస్తాయి, వాటి పట్టు పైపైనే ఉంటుంది. గాలివానకి ముందు విరిగేవి అవే. తుఫాను భయంతో కొట్టించి తుఫానుకి పనికిరాని చెట్టు చేసుకున్నట్టవుతుంది. ఈ ఏడు షెడ్డు మీది కొమ్మ, ట్యాంకు వైపు చిన్నచిన్న రెమ్మలు తీయించండి. రెండో పెద్ద కొమ్మ వచ్చే ఏడు కాయ దించాక చూద్దురుగాని.

కోసే పద్ధతి దగ్గరుండి చూసుకోండి. మానుకి అడుగున్నర దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు రంపం పెట్టాలి. తర్వాత దానికి కాస్త అవతలగా పై నుంచి కోయాలి. అప్పుడు కొమ్మ బరువుకి బెరడు చీలుకుంటూ మాను దాకా రాదు. షెడ్డు మీద పడకుండా ముందే మోకు కట్టి దించాలి. మిగిలిన మోడుని చివర్లో తీస్తారు. కొమ్మ మానుతో కలిసేచోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ ఉబ్బుని తాకకుండా దాని అంచున కోయాలి. గాయాన్ని మాన్పే బెరడు అక్కడి నుంచే కమ్ముకొస్తుంది. మానుకి చదునుగా చెక్కేసినా, జానెడు మోడు వదిలేసినా మానదు.

డాలస్ తెలుగింటి తోట (జులై 7)

నూజివీడు తోట గారు చెప్పిన కాలం మామిడికి. మా టెక్సాస్‌లో పెరటి ఓక్ చెట్లకి లెక్క వేరు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇక్కడ ఓక్ కొమ్మ కోయవద్దంటారు. ఆ నెలల్లో చిన్న పెంకు పురుగులు తాజా గాయం మీద వాలి ఓక్ విల్ట్ తెగులుని అంటిస్తాయి. ఏ నెలలో కోసినా గాయానికి వెంటనే రంగు పూస్తాం. ఇక్కడి మనవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదివితే చెట్టు ఏదో చూసుకుని చేయించండి.

గోపాలపట్నం పెరడు (జులై 7)

చాలా థాంక్సండీ. అత్తగారికి చదివి వినిపించాను, ఒక్క కొమ్మే కదా అని ఒప్పుకున్నారు. కోసిన చోట పేడ పూస్తే చాలా? షెడ్డు వైపు కొమ్మ మొదట్లో ఒక బెజ్జం, కింద రంపపు పొట్టులాంటిది ఉంది. పైన కాకి గూడు కూడా ఉంది.

నూజివీడు తోట (జులై 7)

పేడ వద్దమ్మా, బోర్డో పేస్టు పూయండి. ఒక్క చెట్టుకి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం, మొత్తం లీటరు నీళ్ళు చాలు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలపాలి, ఇనప పాత్ర వాడకూడదు. కలిపాక మెరిసే చాకు కొన ముంచి చూడండి. దాని మీద ఎర్రగా రాగి పేరుకుంటే ఇంకాస్త సున్నం వేయాలి. కలిపిన రోజే పూసేయండి.

బెజ్జం, పొట్టు అంటే కాండం తొలిచే పురుగు. అతను చెట్టెక్కే ముందే ఆ కొమ్మని సుత్తితో అక్కడక్కడా తట్టి చూడమనండి. డొల్ల శబ్దం వస్తే దాని మీద కాలు పెట్టనివ్వకండి, పై కొమ్మకి మోకు కట్టుకుని పని చేయాలి. ట్యాంకు వైపు రెమ్మలు తీసే రోజు ముందుగా కరెంటాఫీసులో చెప్పి, లైన్‌మన్ వచ్చి సప్లై ఆపాకే రంపం పట్టనివ్వండి. ఇంట్లో మెయిన్ ఆపినా ఆ సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది.

గూట్లో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆ కొమ్మ ఆపండి. ఆగస్టు మొదటి వారం దాకా మీకు వ్యవధి ఉంది.