వరదల దినాలల్ల తాలూకా వాట్సాప్ గ్రూపును పుకార్ల నుంచి ఎట్ల కాపాడుకోవాలె?

ప్రాణహిత ఒడ్డు (ప్రశ్న)

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల సిరోంచ తాలూకా తెలుగోళ్ల గ్రూపు. 700 పైన మెంబర్లు, ముగ్గురు అడ్మిన్లు. రైతులు, దుకాణాలోళ్లు, కొందరు పోలీస్ పాటిళ్లు (ఊళ్లె పోలీసు పని చూసేటోళ్లు), నాగపూర్‌ల, హైదరాబాద్‌ల చదువుకునే పిల్లలు ఉన్నరు. మూడు సంగతులు అడుగుతున్న.

వాన పడ్డదంటే చాలు, ‘మేడిగడ్డ 85 గేట్లు ఎత్తిన్రు, రెండు గంటల్ల సిరోంచ మునుగుతది’ అని మెసేజ్ వస్తది. తీసేసేలోపల పది గ్రూపులకు పోతది. తీసేస్తే ‘అడ్మిన్లు నిజం దాస్తున్నరు’ అంటరు.

ఒక పెద్దమనిషి ఉన్నడు, అందరు కాకా అంటరు. వరద, మిర్చి మందు, పాము కాటు, కోర్టు కేసు, దేనికైనా మొదటి జవాబు ఆయనదే, ‘నూటికి నూరుపాళ్లు’ అని రాస్తడు. సగం తప్పే. వయసు చూసి ఎవ్వరు ఎదురు చెప్పరు.

ఇగ రాత్రి పది దాటితే తిట్లు. తెలుగోళ్లు, మరాఠోళ్లు అనేదాక పోతది. గ్రూపు మూసెయ్యలేం, వరదల అదే ఆధారం. ఏం చేస్తే నిలబడుతది?

గోదావరి గేజీ

ముందు ఆ మెసేజ్‌నే విప్పి చూద్దాం అన్నా. అందులో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు ఉన్నమాట నిజమే. కానీ సిరోంచ టౌను బ్యారేజీకి ఎగువన ఉంది. గేట్లు ఎత్తితే ఎగువన మట్టం తగ్గాలి, పెరగదు. జాగ్రత్త పడాల్సింది దిగువ ఒడ్డు పల్లెలు. పైగా 2023 అక్టోబరులో ఏడో బ్లాకు పిల్లర్లు కుంగినప్పటి నుంచి అక్కడ నీళ్లు నిలపడం లేదు. నిలపని నీళ్లను ఒక్కసారిగా వదలడం ఎట్లా కుదురుతుంది? సిరోంచ దగ్గర నది పెరగాలంటే ప్రాణహిత వైపు వైన్‌గంగ, వార్ధా పొంగాలి. వైన్‌గంగ మీది గోసీఖుర్ద్ డ్యామ్ నుంచి ఎంత వదిలారో చూడాలి. గోదావరి వైపు శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి చూడాలి. ఈ ఐదు పేర్లూ గ్రూపులో అందరికీ తెలిస్తే ఆ మెసేజ్‌కు సగం బలం పోతుంది.

ఇంకో గందరగోళం భద్రాచలం. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. టీవీలో ‘రెండో ప్రమాద హెచ్చరిక’ అని రాగానే ఆ ముక్క కత్తిరించి ఇక్కడ పెడతారు. భద్రాచలం మనకు చాలా దిగువన ఉంది, మధ్యలో ఇంద్రావతి కూడా కలుస్తుంది. అక్కడి అడుగులతో ఇక్కడి ఇల్లు ఖాళీ చెయ్యాలా వద్దా అన్నది తేలదు. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటింది. ఆనాటి వీడియోను ఈ ఏడాదిదని నమ్మించడానికి తేదీ ఒక్కటి తీసేస్తే చాలు.

అందుకని వరద మెసేజ్‌కు మూడు ముక్కలు తప్పనిసరి చెయ్యండి: ఏ చోటు, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు. ఒక్కటి లేకపోయినా, పెట్టింది అడ్మినే అయినా, ఆ మెసేజ్ ఆగాలి. సరిచూసుకోవడానికి కేంద్ర జల సంఘం వరద సైటులో టేక్రా (ప్రాణహిత మీద), కాళేశ్వరం రీడింగులు ఉంటాయి. ఊరి సంగతికి తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), తహసీల్ కంట్రోల్ రూమ్.

వీడియో వస్తే నాలుగు వేర్వేరు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి గూగుల్ లెన్స్‌లో వెయ్యండి. పాతది దొరికితే తేలిపోయింది. దొరకలేదంటే మాత్రం కొత్తదని అర్థం కాదు. రెండు బాణాల గుర్తు, అంటే ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అన్నది ఉంటే అనుమానించండి. అది లేనంత మాత్రాన నమ్మకండి. టెక్స్ట్ కాపీ చేసి అతికించినా, వీడియో దింపుకుని మళ్లీ ఎక్కించినా ఆ గుర్తు పోతుంది.

మిర్చితోట

కాకా సంగతి నేను చెప్తా. ఆయనను తప్పు పట్టకుండ్రి, కొలత అడుగుండ్రి. మందు సలహాలల్ల ప్రమాదం అంతా అక్కడనే ఉంటది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరుకు 0.3 మి.లీ. అని ఒకరు రాస్తరు. ఫార్వర్డ్‌ల చుక్క పోయి 3 మి.లీ. అయితది. పది రెట్లు! లేకుంటే ఎకరం లెక్కను 15 లీటర్ల పంపు లెక్క అనుకుంటరు. ఆకు మాడుతది, మిత్రపురుగులు చస్తయి, అవి చస్తే నల్లి ఎక్కువైతది. అందుకే మందు పేరు రాసినోళ్లు డబ్బా మీది లేబుల్ ఫొటో పెట్టాలె, ‘లీటరుకా, పంపుకా, ఎకరానికా’ రాయాలె. ‘కాకా, ఇది పంపుకా లీటరుకా?’ అంటే అది మర్యాద గల ప్రశ్న. రెండుసార్లు అడిగితే మూడోసారి ఆయనే చూసి రాస్తడు.

ఇంకొకటి, ప్రతి మెసేజ్ మొదట్ల ఒక్క మాట పెట్టించుండ్రి: చూసిన, విన్న, అనుకుంటున్న. ‘విన్న’ అని రాస్తే ఎవ్వరికి చిన్నతనం కాదు. ధీమాగ చెప్పే మనిషికి తను చూసిందేదో, అనుకుంటున్నదేదో రాసేటప్పుడే తెలుస్తది. ఈ పద్ధతి ముందు అడ్మిన్లు పాటించాలె, పది దినాలు వాళ్లే రాసి చూపించాలె. లేకుంటే ఎవ్వరు పట్టించుకోరు.

పాము కాటు మాత్రం చర్చకే పెట్టొద్దు. దానికి ఒక్కటే జవాబు: 108కి ఫోన్, కరిచిన కాలో చెయ్యో కదలనియ్యొద్దు, తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, నేరుగ గ్రామీణ రుగ్ణాలయం (సర్కారు దవాఖాన). వేరే ఏం రాసినా తీసెయ్యుండ్రి, రాసింది కాకా అయినా సరే.

అంకీసా అక్క

తిట్ల గురించి. వాట్సాప్‌లో ఒక్క మనిషి నోరు మాత్రమే కట్టే సౌకర్యం అడ్మిన్‌కు లేదు. టెలిగ్రామ్‌లో ఉంది. ఇక్కడైతే గ్రూపంతా ఆపాలి, లేదా ఆ మనిషిని తీసెయ్యాలి. కాబట్టి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ‘అడ్మిన్లే రాయగలరు’ సెట్టింగ్ పెట్టండి. రోజూ చేత్తో మార్చాల్సిందే, ముగ్గురూ వంతులు వేసుకోండి. వరద రాత్రి మాత్రం మూయొద్దు, ఆ రాత్రి ఒక అడ్మిన్ మేలుకొని ఉండాలి.

హెచ్చరిక గ్రూపులో ఇవ్వకండి. అందరి ముందు మందలిస్తే మనిషి ఇంకా మొండికేస్తాడు. ముందు ఫోన్ చేసి మాట్లాడండి. మళ్లీ చేస్తే వారం రోజులు తీసెయ్యండి, తిరిగి చేర్చే తేదీ ముందే చెప్పండి. తేదీ చెప్పకపోతే పగ పెట్టుకుని వేరే గ్రూపు కడతారు. భాష పేరుతో, కులం పేరుతో తిట్టినవాళ్లకు మాత్రం వారం లేదు, నేరుగా బయటికే. తీసే ముందు స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఫిర్యాదు దాకా పోతే అదే ఆధారం.

అడ్మిన్‌కు కేసు భయం ఎంతవరకు అన్నది కూడా తెలిసుండాలి. గోందియాలో ఒక గ్రూపు అడ్మిన్ మీద పెట్టిన కేసులో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో తేల్చింది: మెంబర్ రాసినదానికి, ఉమ్మడి ఉద్దేశం ఉంటే తప్ప, అడ్మిన్ బాధ్యుడు కాడు. కానీ అడ్మిన్ తానే ఫార్వర్డ్ చేసింది తన మెడకే చుట్టుకుంటుంది. భయం పుట్టించే పుకార్లకు భారతీయ న్యాయ సంహితలో 353 సెక్షన్ ఉంది.

పర్లాకిమిడి గాలి

గేజీ గారూ, ‘ఆగాలి’ అన్నారు, అక్కడ నాది వేరే మాట అండి. చప్పుడు లేకుండా తీసేస్తే ‘దాస్తున్నారు’ అనే మాటకు మీరే బలమిచ్చినట్టు. తీసేసిన చోటే ఒక వాక్యం పెట్టండి: ఏది తీశారు, ఎందుకు, ఇప్పటికి తెలిసిన నిజం ఏమిటి. నిజమే ముందు రాయండి. ‘గేట్లు ఎత్తారన్నది అబద్ధం’ అని మొదలుపెడితే ‘గేట్లు ఎత్తారు’ అన్నదే జనానికి గుర్తుంటుంది. ‘సిరోంచ బ్యారేజీకి ఎగువన ఉంది, ప్రాణహిత మట్టం ఇంత’ అని మొదలుపెట్టండి. పుకారు వెళ్లిన పది గ్రూపులకూ దీన్ని పంపించే బాధ్యత, దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లకే ఇవ్వండి. తిట్టకండి, తిడితే ఎక్కడికి పంపారో చెప్పరు.

ఒక్కటి మాత్రం అడగకుండా, ఆలోచించకుండా తక్షణం తీసెయ్యాలి: ‘పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు’ అని తెలియని మనిషి ఫొటో. 2018 జులై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారుతోనే ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు కుదించింది. అలాంటి ఫొటో వస్తే పోలీస్ పాటిల్‌కు ఫోన్ చెయ్యండి, గ్రూపులో ఒక్క మాట కూడా మాట్లాడకండి.

మా వైపు తుపాను రోజుల్లో ఎక్కువ చెరుపు చేసేది పాతబడిన నిజం. వాతావరణ శాఖ బులెటిన్ మీద విడుదల చేసిన గంట ఉంటుంది, ఫార్వర్డ్ చేసేవాళ్లు సరిగ్గా ఆ అంచే కత్తిరిస్తారు. పొద్దుటి ‘ఆరెంజ్’ సాయంత్రానికి ‘రెడ్’ అయ్యుండొచ్చు. ‘నీళ్లు తగ్గాయి’ అన్న నిన్నటి మాట నమ్మి పశువుల్ని లంకకు తోలితే అది పుకారు కంటే ప్రమాదం. మీరు పెట్టే సవరణకు కూడా గడువు రాయండి.

ప్రాణహిత ఒడ్డు

మస్తు సాయం చేసిన్రు. గడువు సంగతి మాకు తట్టలే. కాకాకు ఏదన్న పని అప్పజెప్తే మంచిగుంటదా?

గోదావరి గేజీ

తప్పకుండా ఇవ్వండి. రోజుకు రెండుసార్లు తలాఠీకో కంట్రోల్ రూమ్‌కో ఫోన్ చేసి రీడింగ్ కనుక్కుని రాసే పని ఆయనదే చెయ్యండి. వాక్యం ఇట్లా ఉండాలి: ‘విన్న. తలాఠీ చూసి చెప్పిండు. సిరోంచ ఘాట్, ఉదయం 6:40. నీళ్లు పై నుంచి తొమ్మిదో మెట్టు మీద, రాత్రి కంటే రెండు మెట్లు ఎక్కువ. ఇది మధ్యాహ్నం 12 దాకే.’ దాన్ని గ్రూపులో పిన్ చెయ్యండి. పిన్‌కు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని అడుగుతుంది, 24 గంటలే పెట్టండి, కొత్తది రాగానే పాతది తీసెయ్యండి. చదవలేని పెద్దవాళ్ల కోసం అదే మాటను వాయిస్‌గా పెడితే, గంటా తేదీ నోటితో మొదట చెప్పించండి.

కరెంటు పోయి టవర్ ఆగితే గ్రూపే ఉండదు. ప్రతి ఊళ్లో ఇద్దరి నంబర్లు, కంట్రోల్ రూమ్ నంబరు కాగితం మీద రాసి, జూన్ లోపలే పోలీస్ పాటిల్ దగ్గర, కిరాణా దుకాణం గోడ మీద ఉండేట్టు చూడండి.