గర్భిణి నడుము నొప్పికి రిలాక్సినే కారణమా? అలిపిరి మెట్లు మానుకోవాల్సిందేనా?

కొర్లగుంట తమ్ముడు:
మా ఆవిడకు ఐదో నెల. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకుంది. ఈ మధ్య నడుము, గజ్జలు నొప్పి అంటోంది. మా వదిన ఏదో వీడియో చూసి, "కడుపుతో ఉంటే రిలాక్సిన్ అని ఒక హార్మోన్ ఊరుతుంది, కీళ్లన్నీ వదులైపోతాయి, మెట్లెక్కితే కటి ఎముక జారిపోతుంది" అనేసింది. అప్పట్నుంచి ఇంట్లో నాలుగు మెట్లు దిగాలన్నా టెన్షన్ పడుతోంది. నిజమేనా?

భవానీనగర్ లెక్చరర్:
తమ్ముడూ, ముందు ఆ భయం పోగొట్టు. నర్సింగ్ పిల్లలకు ఫిజియాలజీ చెప్తాను, ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే అమెరికన్ శాస్త్రవేత్త, చూలుతో ఉన్న జంతువుల సీరమ్ (రక్తంలోని ద్రవం) తీసి చూలు లేని గినీ పందులకు ఎక్కిస్తే వాటి కటి ముందు భాగంలో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు వదులైంది. గినీ పంది పిల్లలు మరీ పెద్దగా పుడతాయి, ఆ ఎముకలు బాగా విడిపోతే తప్ప బయటికి రావు. మనిషిలో ఆ ఎముకల మధ్య సందు పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. పైగా మనకు ఈ హార్మోన్ అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే కార్పస్ ల్యూటియం అనే గ్రంథి నుంచి వస్తుంది, మూడో నెల చివరికల్లా బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. నొప్పేమో చాలామందికి నెలలు నిండేకొద్దీ ఎక్కువవుతుంది. దోషి రిలాక్సినే అయితే మూడో నెలలోనే మంచం పట్టాలి కదా! రక్తంలో రిలాక్సిన్ కొలిచి నొప్పితో పోల్చిన పరిశోధనల్లోనూ ఒకటి అవునంటే ఇంకొకటి కాదంది, గట్టి సంబంధం తేలలేదు.

ఫిజియో, చిత్తూరు:
మేడమ్, రక్తంలో ఎంతుందన్నది ఒక్కటే చూస్తే ఎలా? హార్మోన్ పని చేయాలంటే కణం మీద రిసెప్టర్, అంటే ఆ హార్మోన్ అంటుకునే చోటు ఉండాలి. రిలాక్సిన్‌కు ఆర్‌ఎక్స్‌ఎఫ్‌పీ1 అనే రిసెప్టర్ ఉందని 2002లో గానీ బయటపడలేదు. ఎవరి లిగమెంట్లలో అవి ఎక్కువుంటే వాళ్లకు కొంచెం హార్మోన్ కూడా ఎక్కువ పని చేయొచ్చు. లిగమెంట్లలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను రిలాక్సిన్ మారుస్తుందన్నది కాదనలేని సంగతి. నా దగ్గరికి వచ్చే గర్భిణుల కీళ్లు వదులుగా ఉండడం చేత్తో పట్టుకుని చూస్తున్నాను.

పలమనేరు పాడి రైతు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. చూడి ఆవు ఈనే ముందు తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి. అప్పటిదాకా తాడులా బిగిసి ఉన్నది మెత్తబడిపోతుంది, వేళ్లతో నొక్కితే తెలిసిపోతుంది, ఇక ఒకటి రెండు రోజులే అని మాకు లెక్క. అది రిలాక్సిన్ కాదా?

భవానీనగర్ లెక్చరర్:
అన్నా, భలే చోట అడిగారు! ఆవుకు పనిచేసే రిలాక్సిన్ జన్యువే లేదు. గొర్రెకూ అంతే, జన్యువు పాడైపోయింది. అయినా ఈనే ముందు లిగమెంట్లు వదులవుతూనే ఉన్నాయి. అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ లాంటి వేరే హార్మోన్లు మారినా ఆ పని జరుగుతుంది. కీళ్లు వదులైతే రిలాక్సినే అనుకోవడానికి లేదు. ఫిజియో గారూ, మీ చేతికి తగిలే వదులు నేను కాదనను. దానికి ఈ ఒక్క పేరే పెట్టడం మీదే నా గొడవ.

రేణిగుంట మెడికల్ రెప్:
అసలు ఈ హార్మోన్‌తో ఒరిగేదేమీ లేదు. నోవార్టిస్ అనే మందుల కంపెనీ దీన్నే సెరిలాక్సిన్ అని గుండె జబ్బుకు మందుగా తెచ్చింది, అదీ పోయింది.

భవానీనగర్ లెక్చరర్:
మందు పోయిందని హార్మోన్ దండగ అనేస్తారా? గుండె ఉన్నట్టుండి ఫెయిలై ఆస్పత్రికి వచ్చినవాళ్లకు 48 గంటలు ఎక్కించారు. 2013లో వచ్చిన 1,161 మంది ట్రయల్‌లో ఆయాసం కొంత తగ్గింది, ఆరు నెలల్లో మరణాలూ తగ్గినట్టు కనిపించింది. కానీ ఆ ట్రయల్ పెట్టింది మరణాలు తేల్చడానికి కాదు. 6,500 మందికి పైగా పెట్టి మళ్లీ చూస్తే, 2019లో వచ్చిన ఫలితాల్లో ఆ తేడా నిలబడలేదు. రెండు రోజుల మందు ఆరు నెలలు కాపాడలేదన్నదే దాని అర్థం.

గర్భంలో దీని అసలు పని రక్తనాళాల్లో, కిడ్నీల్లో ఉంది, దాని గురించి ఎవరూ వీడియో చేయరు! కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీల వడపోత దాదాపు సగం పెరుగుతుంది. చూలు ఎలుకల్లో రిలాక్సిన్‌ను యాంటీబాడీలతో అడ్డుకుంటే ఆ పెరుగుదల రాలేదు. దాత అండంతో, కార్పస్ ల్యూటియం లేకుండా గర్భం దాల్చినవాళ్లకు రక్తంలో రిలాక్సిన్ ఉండదు, అయినా బిడ్డ పెరుగుతుంది, కాన్పు అవుతుంది. కాకపోతే కార్పస్ ల్యూటియం లేని గర్భాల్లో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ఎక్కువని తేలింది, అక్కడ రిలాక్సిన్ లేకపోవడం మీద అనుమానం ఉంది. రిలాక్సిన్ కుటుంబంలోనే ఉన్న ఐఎన్‌ఎస్‌ఎల్3 అనే హార్మోన్ అయితే కడుపులోని మగబిడ్డ వృషణాలు కిందికి దిగడానికి కావాలి. ఇంత పని చేసే కుటుంబాన్ని పట్టుకుని నడుము నొప్పి దగ్గర ఆపేస్తే నాకు బాధగా ఉంటుంది.

తమ్ముడూ, అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక. ఎక్కాలా వద్దా అన్నది ఆవిడ బీపీ, హిమోగ్లోబిన్, స్కాన్‌లో మాయ ఎక్కడుందన్నది చూసి డాక్టరు చెప్పాలి. ఇంట్లో మెట్లకు భయపడి కూర్చోబెట్టకు, కండరాలు నీరసిస్తే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఫిజియో, చిత్తూరు:
చివరి మాటతో ఏకీభవిస్తాను. ఒంటికాలి మీద బరువు పడినప్పుడు నొప్పి వస్తోందా చూడండి తమ్ముడూ, అలా అయితే ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కమనండి, బట్టలు కూర్చుని వేసుకోమనండి, తుంటి కండరాలకు వ్యాయామాలు మొదలుపెట్టించండి. మేడమ్, రిసెప్టర్ విషయంలో మాత్రం నేను తగ్గను. ఆవుకు లేకపోయినంత మాత్రాన మనిషిలో పని చేయదని ఎలా అంటారు? నొప్పి ఉన్నవాళ్లలో, లేనివాళ్లలో లిగమెంట్ల రిసెప్టర్లు కొలిచి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.