పార్వో తగ్గిన కుక్కపిల్లకి పచ్చి మాంసం పెట్టొచ్చా?

బంటి_అమ్మ (విజయవాడ)
అందరికీ నమస్తే. మా బంటి లాబ్రడార్, ఆరో నెల నడుస్తోంది. పోయిన నెల పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చింది. చివరి టీకా ఆలస్యం చేశాం, ఆ తప్పు మాదే. ఆరు రోజులు సెలైన్లు, రక్తం విరేచనాలు, మందు పడితే వాంతి. బతుకుతాడని అనుకోలేదు. ఇంటికి తెచ్చి మూడు వారాలైంది. తోక ఊపుతున్నాడు, చెప్పులు కొరుకుతున్నాడు, కానీ మోషన్ మాత్రం కుదరలేదు. రెండు రోజులు గట్టిగా వస్తుంది, మూడో రోజు మళ్లీ జావలా, జిగటగా. 14 కిలోలు ఉండేవాడు 11కి దిగాడు. నిమురుతుంటే పక్కటెముకలు వేళ్లకి తగులుతున్నాయి. డాక్టర్ గారు పొట్ట బాగాలేని కుక్కల కోసం అమ్మే డ్రై ఫుడ్ రాశారు. వాడు వాసన చూసి వెనక్కి వెళ్లిపోతాడు. పిల్లని మాకు అమ్మినాయనేమో "పచ్చి కోడిమెడలు, కాళ్లు, వారానికి రెండుసార్లు బోటి పెట్టండమ్మా, పది రోజుల్లో పేగు బాగవుతుంది" అంటున్నాడు. ఇలాంటి జబ్బు తర్వాత పచ్చిది పెట్టిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి. ఇంట్లో మూడేళ్ల పాప కూడా ఉంది.

రాటీ_నాన్న (కొంపల్లి)
నిశ్చింతగా పెట్టండమ్మా. మా ఇంట్లో రెండు రాట్‌వీలర్లు, ఆరేళ్లుగా రా ఫుడ్ మీదే ఉన్నాయి. పొద్దున కోడిమెడలు, కందనకాయలు. సాయంత్రం ఎముక లేని మాంసం, దాంతో కాస్త కార్జం. మోషన్ చిన్నగా, గట్టిగా వస్తుంది. బొచ్చు చూస్తే నూనె రాసినట్టు మెరుస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. ఆస్ట్రేలియాలో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే వెటర్నరీ డాక్టర్ 1993లోనే పచ్చి మాంసం, ఎముకలు పెట్టమని రాశాడు. కుక్క కడుపులో ఆమ్లం ఘాటుగా ఉంటుంది, క్రిములు అక్కడే చస్తాయి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎముక మాత్రం ఉడకబెట్టి పెట్టకండి. ఉడికిన ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది. పచ్చి ఎముక పంటి కింద నలుగుతుంది.

సుజాత_కర్నూలు
వద్దండీ, దయచేసి వద్దు. మా చిన్ని పమేరియన్. 2021 కనుమ రోజున చుట్టాలు వచ్చి, ముద్దుకొద్దీ తలా ఒక మాంసం ముక్క, దాంతో కొవ్వు పెట్టారు. రాత్రి వాంతులు మొదలయ్యాయి. ముందుకాళ్లు చాచి, నడుం పైకెత్తి, నేలకి వంగి అలాగే ఉండిపోయింది. అది నొప్పి అని మాకు తెలియలేదు, ఒళ్లు విరుచుకుంటోందనుకున్నాం. పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు అన్నారు. నాలుగో రోజు పోయింది. కడుపు చెడిన కుక్కకి మాంసం పేరే ఎత్తకండి. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టండి. మన ఇళ్లల్లో తరతరాలుగా కుక్కలు దాంతోనే బతికాయి.

చిన్నోడు_భీమవరం
మా వీధి కుక్కలన్నీ చికెన్ షాపు దగ్గర పడేసినవి తినే బతుకుతున్నాయి. ఏమీ కాలేదు.

వెట్_ఫైనలియర్
బంటి అమ్మ గారూ, నేను వెటర్నరీ చివరి ఏడాది చదువుతున్నాను. డాక్టర్‌ని కాదు, అది గుర్తుంచుకుని చదవండి. పార్వో వైరస్ చిన్నపేగులో కొత్త కణాలు పుట్టే చోటునే దెబ్బతీస్తుంది. లోపలి పొర ఊడిపోతుంది, అందుకే ఆ రక్తం. ఎముక మజ్జనీ దెబ్బతీసి తెల్లకణాలు పడిపోయేలా చేస్తుంది. పొర మళ్లీ పెరుగుతుంది కానీ కొన్ని కుక్కలకి పొట్ట చాలాకాలం సున్నితంగానే ఉండిపోతుంది. జర్మనీలో పార్వో నుంచి బతికి బయటపడ్డ కుక్కల్ని గమనించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 42 శాతానికి తర్వాత దీర్ఘకాలం కడుపు సమస్యలు కనిపించాయి. పార్వో రాని కుక్కల్లో అది 12 శాతమే. కాబట్టి ఇప్పుడు బరువైన తిండితో ప్రయోగాలు వద్దు.

తిండి కంటే ముందు ఒక ప్రశ్న. మోషన్ టెస్ట్ చేయించారా? ఈ వయసు కుక్కపిల్లల్లో జియార్డియా అనే పేగు పరాన్నజీవి, కొంకిపురుగులు చాలా మామూలు. అవి లోపల ఉంటే పచ్చిది పెట్టినా, వండింది పెట్టినా రెండు రోజులు బాగుండి మూడో రోజు జావ వస్తూనే ఉంటుంది.

రాటీ_నాన్న (కొంపల్లి)
చదువుకునే పిల్లలు పుస్తకంలో ఉన్నదే చెబుతారు, తప్పు లేదు. సుజాత గారు చెప్పింది వండిన మాంసం గురించి, కొవ్వు గురించి. పచ్చి మాంసం గురించి కాదు. పెరుగన్నం సంగతి చూడండి. కుక్క తోడేలు జాతి. తోడేలు ఏ పొలంలో వరి కోసింది? పిండిపదార్థం దానికి అరగదు. అరగకే మోషన్ లూజ్ అవుతుంది. మీరు చెప్పే పెరుగన్నమే బంటి బరువు తగ్గిస్తుంది.

వెట్_ఫైనలియర్
అంకుల్, తోడేలు వేరు, మనింటి కుక్క వేరు. మనుషులతో బతకడం మొదలయ్యాక కుక్కకి పిండిపదార్థం అరిగించుకునే శక్తి పెరిగింది. స్వీడన్ పరిశోధకులు 2013లో దీన్ని జన్యువుల్లోనే చూపించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్ తయారుచేసే జన్యువు తోడేలుకి మామూలుగా రెండు కాపీలే ఉంటే, కుక్కకి 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మెత్తగా ఉడికిన అన్నం కుక్కకి బాగానే అరుగుతుంది. సుజాత గారూ, మీరూ ఒకటి గమనించండి. ఎదిగే లాబ్రడార్ పిల్లకి రోజంతా పెరుగన్నమే పెడితే ప్రోటీన్ చాలదు, కండ పట్టదు. ఇప్పుడు వాడికి కావాల్సింది కొవ్వు తక్కువగా ఉండి, బాగా ఉడికిన మాంసం.

సుజాత_కర్నూలు
పెరుగన్నంతో ఏ కుక్కా చావలేదు. మాంసంతో నా కుక్క చచ్చిపోయింది. ఇంతకంటే నాకు లెక్కలు తెలియవు.

గుంటూరు_వాసి
ఇక్కడ ఎవరూ బర్డ్ ఫ్లూ మాట ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు లక్షల్లో చచ్చిపోయాయి కదా. మార్చిలో నరసరావుపేటలో రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. ఇంట్లో కూర కోసం కోస్తున్నప్పుడు ఒక పచ్చి ముక్క పాప నోట్లో పెట్టారని పేపర్లలో వచ్చింది. బంటి అమ్మ గారింట్లో మూడేళ్ల పాప ఉంది. కుక్క పళ్లెంలో చెయ్యి పెట్టకుండా ఆ వయసు పిల్లని ఎవరు ఆపగలరు?

పద్మజ_టెక్సాస్
ఇక్కడా అదే భయం అండి. 2024 డిసెంబర్‌లో ఆరెగాన్‌లో ఇంట్లోంచి బయటికే రాని పిల్లి, ప్యాకెట్‌లో వచ్చే పచ్చి టర్కీ తిండి తిని హెచ్5ఎన్1తో చనిపోయింది. అది డీప్ ఫ్రీజ్ చేసి అమ్మిన సరుకే.

రాటీ_నాన్న (కొంపల్లి)
బర్డ్ ఫ్లూ ఏడాదికోసారి వచ్చే వార్త. ఆ నెల చికెన్ మానేసి వేరే మాంసం పెడతాం. నేను తెచ్చింది ఏదైనా మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాకే వేస్తాను. ఆరేళ్లలో నా కుక్కలకి ఒక్కసారి కూడా విరేచనం కాలేదు.

వెట్_ఫైనలియర్
ఫ్రీజర్‌లో కొన్ని పరాన్నజీవులు చస్తాయి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు, నిద్రపోతుంది. అమెరికాలో ఆహారం, మందుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 2010-12 మధ్య పెంపుడు జంతువుల పచ్చి తిండి నమూనాలు 196 పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా దొరికాయి. అదీ ఫ్యాక్టరీలో ప్యాక్ చేసి చల్లగా ఉంచిన సరుకు. మన షాపులో కోడిని కోసి, డ్రమ్ములో వేసి, అదే మొద్దు మీద రోజంతా కొడతారు. మీ కుక్కలకి ఏమీ కాకపోవచ్చు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలు తట్టుకుంటాయి. కానీ వాటి మోషన్‌లో క్రిమి బయటికి వస్తూనే ఉండొచ్చు. ఇంకొకటి, షాపువాళ్లు కుక్కలకి పడేసే మేక, గొర్రె ఊపిరితిత్తుల్లో, కార్జంలో ఒక్కోసారి నీటితిత్తులు ఉంటాయి. ఆ పచ్చివి తిన్న కుక్కకి బద్దెపురుగు పడుతుంది. దాని గుడ్లు మన నోట్లోకి వెళ్తే మన కార్జంలో హైడాటిడ్ తిత్తులు పెరుగుతాయి.

రాటీ_నాన్న (కొంపల్లి)
నేను ఎముక గురించి చెప్పినదానికి ఎవరూ సమాధానం చెప్పలేదు. ఉడికిన ఎముక గుచ్చుకుంటుందా, లేదా? అవునో కాదో చెప్పండి.

వెట్_ఫైనలియర్
గుచ్చుకుంటుంది. అది మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఎముకే పెట్టొద్దంటున్నప్పుడు అది పచ్చిదా ఉడికిందా అన్న ప్రశ్నే రాదు కదా.

రాటీ_నాన్న (కొంపల్లి)
ఎముక లేకపోతే కాల్షియం ఎక్కడిది? ఒట్టి మాంసం పెడితే ఎదిగే పిల్లకి కాళ్లు వంకర పోతాయి.

వెట్_ఫైనలియర్
ఇదీ నిజమే. ఒట్టి మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు. అందుకే వండి పెట్టేది కొన్ని వారాలకే. అది కూడా వాళ్ల డాక్టర్ చెప్పిన కాల్షియంతో. మోషన్ కుదిరాక మెల్లగా కుక్కపిల్లల డ్రై ఫుడ్‌కి మార్చాలి.

రాటీ_నాన్న (కొంపల్లి)
చివరికి అక్కడికే వస్తారని తెలుసు. మీ చదువులన్నీ ఆ డ్రై ఫుడ్ సంచి అమ్మడానికే. డాక్టర్ రాస్తాడు, పక్క గదిలోనే అమ్ముతారు, మూడు కిలోలు మూడు వేలు. కుక్క తినకపోతే "అలవాటు చేయండి" అంటారు.

సుజాత_కర్నూలు
ఆ పిల్లాడు ఓపిగ్గా చెబుతుంటే ఇలా మాట్లాడడం బాగాలేదండీ. మీ కుక్కలు బాగున్నాయని ఊళ్లో కుక్కలన్నిటి ప్రాణం మీదకి తెస్తారా? రేపు బంటికి ఏమైనా అయితే కొంపల్లి నుంచి వచ్చి మీరు చూస్తారా?

రాటీ_నాన్న (కొంపల్లి)
చూసేవాళ్లు ఎవరో నాకు బాగా తెలుసమ్మా. ఇప్పుడున్న వాటి కంటే ముందు నాకు షేరూ అని ఒకడు ఉండేవాడు. నాలుగేళ్లవాడు. విరేచనాలని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఎనిమిది నెలలు అదే సంచి, అవే యాంటీబయాటిక్స్, అదే మాట: "కొంచెం టైమ్ పడుతుంది." స్కాన్ తీద్దామా అని నేను రెండుసార్లు అడిగాను, అవసరం లేదన్నారు. చివరికి వేరేచోట స్కాన్ తీస్తే పేగులో గడ్డ. అప్పటికి వాడు లేచి నీళ్లు కూడా తాగలేడు. నా ఒళ్లో తల పెట్టి పోయాడు. ఆ రోజు నుంచి నా కుక్క నోట్లోకి ఏం వెళ్లాలో ఇంకొకరి చేతిలో పెట్టలేదు. నేను అడిగే ప్రశ్న పచ్చిదా వండిందా అన్నది కాదు. ఎవరి మాట నమ్మాలి అన్నది.

సుజాత_కర్నూలు
అన్నా, నాకు తెలియదు. ఆ మాట అన్నందుకు క్షమించండి. మనిద్దరం పోయిన కుక్కల తరఫునే మాట్లాడుతున్నాం.

వెట్_ఫైనలియర్
అంకుల్, షేరూ విషయంలో మీరు స్కాన్ అడగడం సరైనది. తీయకపోవడం తప్పు. కానీ అక్కడ జరిగింది తిండి తప్పు కాదు, టెస్ట్ చేయకపోవడం. బంటి విషయంలో నేను మొదటి నుంచి అడుగుతున్నదీ అదే, టెస్ట్.

బంటి_అమ్మ (విజయవాడ)
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. ఒక మాట మొదట్లోనే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మాది సత్యనారాయణపురం. ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. అత్తయ్యగారు మడి కట్టుకుని వంట చేస్తారు. ఆవిడకి బంటి అంటే ప్రాణం. సెలైన్ పెట్టించి తెచ్చిన రాత్రి తెల్లవార్లూ కూర్చుని చెంచాతో గ్లూకోజ్ నీళ్లు పట్టింది ఆవిడే. కానీ పొయ్యి మీద మాంసం ఉడికితే ఆవిడ ఆ వంటింట్లో అడుగు పెట్టలేరు. పచ్చిదైతే వండక్కర్లేదు, షాపు కవర్ నుంచి నేరుగా మేడ మీద పళ్లెంలో వేయొచ్చు. నిజం చెప్పాలంటే బంటిని అమ్మినాయన సలహా నాకు నచ్చింది అందుకే. వాడి పేగు గురించి కాదు, మా పొయ్యి గురించి ఆలోచించాను.

పద్మజ_టెక్సాస్
ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందండీ. మా అమ్మ వాళ్లింట్లోనూ ఇదే. మేడ మీద ఒక కరెంట్ పొయ్యి, వాడి కోసమే ఒక కుక్కర్, ఒక కత్తి, ఒక గిన్నె. కడిగేది కూడా అక్కడి కుళాయి దగ్గరే. కిందకి ఏదీ దిగదు.

రాటీ_నాన్న (కొంపల్లి)
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే నేనూ ఇంత పట్టుబట్టేవాణ్ని కాదు. పచ్చిది పెట్టేవాడికి ఒక పద్ధతి ఉండాలి. విడి ఫ్రీజర్, విడి బల్ల, తిన్నాక పళ్లెం, నేల వేడినీళ్లతో కడగడం. చిన్నపిల్ల తిరిగే మేడ మీద కవర్‌లోంచి ఒంపేసి వచ్చే పని కాదు ఇది. నా కుక్కలకి నేను పచ్చిదే పెడతాను, అందులో మార్పు లేదు. మీ బంటికి మాత్రం ఇప్పుడు వద్దు. ముందు మోషన్ టెస్ట్ చేయించండి. డాక్టర్ రాయనంటే రాసేదాకా అక్కడే కూర్చోండి.

వెట్_ఫైనలియర్
గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే. ఆ రోజు పొద్దున పడిన మోషన్ చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. జియార్డియా ఒక్కోసారి ఒక్క శాంపిల్‌లో దొరకదు, అవసరమైతే మళ్లీ చేయమని అడగండి.

బంటి_అమ్మ (విజయవాడ)
సోమవారం వెళ్తున్నాం. ఈరోజే కరెంట్ పొయ్యి, చిన్న కుక్కర్ కొనుక్కొచ్చాం. అత్తయ్యగారు చూసి "వాడి గిన్నెలకి ఎర్రదారం కట్టు, కలిసిపోకుండా" అన్నారు, అంతే. నాకు మాంసం వండడం అస్సలు రాదు. ఎన్ని విజిల్స్ పెట్టాలి?

సుజాత_కర్నూలు
తోలు తీసిన బ్రెస్ట్ తీసుకోండి, అంచున పసుపుగా కనిపించే కొవ్వు కత్తితో గీరేయండి. ఉప్పు, పసుపు, ఉల్లిపాయ ఏమీ వద్దు. చిన్న ముక్కలకి మూడు విజిల్స్ చాలు. చల్లారాక నీళ్ల మీద తెట్టు కడితే తీసేయండి. అన్నం మాత్రం మెత్తగా, చేత్తో పిసికి కలపండి. మొదటి రోజు ఒకేసారి పెట్టకుండా నాలుగు పూటలుగా, గుప్పెడేసి.