డిప్లాయ్‌మెంట్‌లో జాజ్ బ్యాండ్ - మనుషులు మారిపోతుంటే నిలబెట్టుకునేదెలా?

టెనార్_తమ్ముడు:

అందరికీ నమస్కారం. విదేశంలో ఒక మిలిటరీ బేస్‌లో ఉన్నా, ఎక్కడన్నది రాయకూడదు, ఎడారి అని మాత్రం అనుకోండి. వచ్చి నాలుగు నెలలైంది, ఇంకో ఏడు నెలలుంది. నేను మిలిటరీ బ్యాండ్ మనిషిని కాదు, నా పని బండ్ల రిపేరు. కానీ టెనార్ శాక్సోఫోన్ అంటే ప్రాణం, అది లేకుండా ఇన్నాళ్లు ఉండలేనని వెంట తెచ్చుకున్నా. మొదటి వారంలో భోజనాల హాల్లో రెండు బల్లల అవతల ఒకతను చెంచాలతో బల్ల మీద స్వింగ్ (జాజ్ లయ) కొడుతున్నాడు, ఆ ‘డింగ్ డిగడింగ్’ వినగానే ప్లేట్ పట్టుకుని వెళ్లి అతని పక్కన కూర్చున్నా. అలా మొదలైంది. అతను డ్రమ్స్, తర్వాత ఒక ట్రంపెట్, ఒక ఆల్టో శాక్సోఫోన్, కీబోర్డ్ వాయించే అమ్మాయి, బేస్ గిటార్ ఒకరు, నేను. సామాన్ల గదిలో రాత్రి గంటసేపు, వారానికి రెండుసార్లు, అదీ అందరి షిఫ్టులూ కుదిరితేనే.

ఇప్పుడు సమస్య. రెండు నెలలు కష్టపడి మూడు హార్న్‌లకి (ట్రంపెట్, ఆల్టో, నా టెనార్) హార్మనీ రాసుకుని ఒక అరేంజ్‌మెంట్ తయారుచేశాం, బార్ బార్‌కీ (బార్ అంటే నాలుగు బీట్ల ముక్క) కూర్చుని దిద్దుకున్నాం. పోయిన వారం బేస్ అతను ఇంటికెళ్లిపోయాడు, ట్రంపెట్ అతనికి ఇంకో రెండు వారాల్లో రొటేషన్, అంటే అతనూ వెళ్లిపోతాడు. మూడు వారాల్లో ఇక్కడ క్యాంపులో అందరి ముందూ వాయిస్తామని మాటిచ్చాం. మధ్య హార్మనీ లేకపోతే ఆ పాట పళ్లూడిన నోరులా ఉంది, బేస్ లేకపోతే మొత్తం గాల్లో తేలుతోంది. కొత్తగా వచ్చినవాళ్లలో ఇద్దరు వాయిస్తారట గానీ జాజ్ ఎప్పుడూ ముట్టుకోలేదు, ఒకరికి నొటేషన్ కూడా రాదు.

ఇంకోటి, ఇది ఎవరికీ చెప్పలేదు. రిహార్సల్ నుంచి కేస్ పట్టుకుని వస్తుంటే నైట్ డ్యూటీకి వెళ్తున్న ఒకాయన ‘ఇక్కడికి పాటలకి వచ్చారా’ అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. అప్పట్నుంచి కేస్ తీస్తుంటే ఆ మాటే చెవిలో ఉంటోంది. ఇలాంటి బ్యాండ్‌లో వాయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అసలు దీన్ని పట్టుకుని ఉండాలా వదిలేయాలా.

పాత_డ్రమ్మర్:

వదలొద్దు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది రాస్తా. నేను రెండుసార్లు బయటి దేశంలో పోస్టింగ్‌లో ఉన్నా, రెండోసారి పది నెలల్లో మా ఐదుగురి బ్యాండ్‌లోంచి పద్నాలుగు మంది వచ్చి వెళ్లారు, మొదట్నుంచి చివరిదాకా ఉన్నది నేనూ ఆ డ్రమ్ సెట్టే. మొదట్లో నేనూ నీలాగే అరేంజ్‌మెంట్లు రాయించా, మనిషి వెళ్లిన ప్రతిసారీ బ్యాండ్ చచ్చి మళ్లీ పుట్టాల్సొచ్చేది. మూడోసారి చచ్చాక గానీ నాకర్థం కాలేదు, మనం బ్యాండ్‌ని మనుషుల మీద కట్టాం, ఫామ్ మీద, అంటే పాట చట్రం మీద కట్టాలి అని. జాజ్‌లో ఆ సదుపాయం పుట్టుకతోనే ఉంది కదా, ముఖం తెలియని నలుగురు ఒక చోట చేరి పన్నెండు బార్ల బ్లూస్ అనుకుంటే చాలు, వాయించేయొచ్చు.

కాబట్టి ఆ అరేంజ్‌మెంట్ పక్కన పెట్టు, పారేయొద్దు, ట్రంపెట్ అతను ఉండగా ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకో. షోకి మాత్రం ఎఫ్‌లో బ్లూస్ పెట్టుకోండి. కొత్తవాళ్లకి ఒక కాగితం మీద రాసివ్వు: నాలుగు బార్లు ఎఫ్, రెండు బార్లు బి ఫ్లాట్, రెండు ఎఫ్, ఒకటి సి, ఒకటి బి ఫ్లాట్, చివరి రెండూ ఎఫ్. హార్న్‌లకి రాసే నోట్ వేరు, పలికేది వేరు కాబట్టి మీ టెనార్‌కీ ట్రంపెట్‌కీ అది జి అవుతుంది, ఆల్టోకి డి. ముగ్గురికీ వేళ్లకి కష్టం లేని కీలే. నొటేషన్ రాకపోయినా పర్లేదు, పన్నెండు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు. హెడ్‌కి, అంటే పాట మొదటా చివరా వచ్చే ట్యూన్‌కి, నాలుగు బార్ల చిన్న రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) ఒకటి మీరే అనుకోండి, దాన్నే మూడుసార్లు వాయిస్తే పన్నెండు బార్లూ నిండిపోతాయి, చెవితో పది నిమిషాల్లో వచ్చేస్తుంది. రెండు కోరస్‌లు (పన్నెండు బార్ల ఒక చుట్టు ఒక కోరస్) హెడ్, తలా రెండు కోరస్‌లు సోలో, తర్వాత హార్న్‌లూ డ్రమ్సూ నాలుగేసి బార్లు ఇచ్చిపుచ్చుకోండి, మళ్లీ హెడ్. దారి తప్పినవాళ్లు వాయించడం ఆపి, మళ్లీ ఒకటో బార్ వినపడేదాకా ఆగి అందుకోవాలి, ఈ ఒక్క నియమం మాత్రం అందరికీ గట్టిగా చెప్పు, తప్పిపోయి కూడా వాయిస్తూనే ఉండేవాళ్ల వల్లే పాట కూలిపోతుంది.

బేస్ లేదని భయపడకు. కీబోర్డ్‌ని రెండు భాగాలు చేసే సౌకర్యం చాలా మోడళ్లలో ఉంటుంది, ఎడమ చేతి వైపు బేస్ సౌండ్ పెట్టి, బార్‌కి రెండే నోట్లు, రూట్ (ఆ బార్ పేరున్న స్వరం), ఫిఫ్త్ (దాన్నుంచి ఐదోది), అంతే. ఆ అమ్మాయికి వాకింగ్ బేస్ (ప్రతి బీట్‌కీ ఒక నోట్) మొత్తం నెత్తిన పెట్టకండి, కుడి చేయి కట్టేసినట్టవుతుంది. డ్రమ్మర్‌ని కిక్ డ్రమ్ చాలా మెల్లగా ప్రతి బీట్‌కీ తగిలిస్తూ ఉండమను, హై హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) రెండో, నాలుగో బీట్ల మీద. ఆ రెండూ నిలబడితే పైన ఎవరున్నా బ్యాండ్ బ్యాండ్‌లానే వినిపిస్తుంది.

ఇంకా ఒక ఫోల్డర్ పెట్టుకోండి. ప్రతి పాటా మూడు కాగితాలు, కీబోర్డ్‌కి కాన్సర్ట్ కీ (పలికేదే రాసింది), టెనార్‌కీ ట్రంపెట్‌కీ బి ఫ్లాట్, ఆల్టోకి ఈ ఫ్లాట్. వెళ్లేవాళ్లు తమ కాగితాల మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి వెళ్లాలి. మా ఫోల్డర్‌లో ఒక పాట మీద ఏడు చేతిరాతలు ఉండేవి, ‘ఇక్కడ ఊపిరి తీసుకో’ అని ఒకరు, దాని కింద ‘లేదు, ఇంకో రెండు బీట్లు ఆగు’ అని ఇంకొకరు, ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు.

నైట్ డ్యూటీ ఆయన సంగతి, అలసిపోయి ఉంటాడు, మనసులో పెట్టుకోకు. ఒకసారి ఆయన షిఫ్ట్ దిగే టైమ్ కనుక్కుని, అప్పుడు వాయించండి.

వాల్వ్_ఆయిల్:

పైన అన్న చెప్పినదంతా కరెక్టే, నేను వాయిద్యాల గురించి మాత్రం చెప్తా, ఎందుకంటే ఎడారిలో షో పాడయ్యేది చాలాసార్లు అక్కడే. షో ఆరుబయటా లోపలా? బయట అయితే ఇది చదువు. గాలి 20 డిగ్రీలుంటే శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, 40 డిగ్రీలకి 355 దాకా పెరుగుతుంది, అంటే హార్న్‌లన్నీ షార్ప్ అయిపోతాయి (శృతి పైకి పోతుంది), మీ ఊపిరి ముందే వెచ్చగా ఉంటుంది కాబట్టి లెక్క చెప్పినంత కాకపోయినా చెవికి తెలిసేంత అవుతుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మాత్రం 440 హెర్ట్జ్ శృతి దగ్గరే కూర్చుంటుంది. అందుకని ఏసీ గదిలో శృతి చేసుకుని బయటికి రావద్దు, బయటే పది నిమిషాలు వాయించి అప్పుడు సరిచూసుకోండి. మౌత్‌పీస్ ఇంకా బయటికి లాగే చోటు లేకపోతే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ట్యూనింగ్ ఉంటుంది, 442, 443 అలా పైకి జరపండి, ముగ్గురు హార్న్‌ల వాళ్లు పెదాలతో కుస్తీ పట్టే కంటే అది సులువు.

శాక్స్‌ని బండిలో వదిలేయొద్దు, ఐదు నిమిషాలైనా సరే. ప్యాడ్లు (రంధ్రాలు మూసే మెత్తలు) కప్పులకి అంటుకుని ఉండేది లక్కతోనో జిగురుతోనో, మూసిన బండిలో ఎండకి అది మెత్తబడి ప్యాడ్ వెంట్రుకవాసి జరిగినా కింది నోట్లు పలకవు. జీ షార్ప్ ప్యాడ్ అతుక్కుంటోందా? సన్న కాగితం ప్యాడ్ కింద పెట్టి, మెల్లగా మూసి, తెరిచి తియ్యి, మూసి ఉండగా లాగితే ప్యాడ్ చర్మం చిరుగుతుంది. రీడ్స్ (మౌత్‌పీస్‌కి కట్టే పలచని బద్దలు) ఒకటే వాడకుండా నాలుగు పెట్టుకుని మార్చి మార్చి వాడు, పొడి గాలికి అంచు అలలు తేలుతుంది, రెండు ప్లాస్టిక్ రీడ్స్ కేస్‌లో పడేసుకో, సౌండ్ కొంచెం వేరే అయినా షో రోజు నమ్మకంగా పలుకుతాయి. ట్రంపెట్ అతనికి చెప్పు, వాల్వ్‌లో ఇసుక చేరి గరగరమంటే మీద ఇంకా ఆయిల్ పోయకూడదు, ముందు వాల్వ్ బయటికి తీసి నూలుపోగు రాలని గుడ్డతో తుడవాలి, లేకపోతే ఆ ఆయిలూ ఇసుకా కలిసి గరుకు కాగితంలా గీస్తుంది. రెండు వారాల్లో వెళ్లిపోయేవాడైనా ఆ ట్రంపెట్ ఇంకెవరికైనా ఇచ్చి వెళ్తాడేమో కదా.

పాతరికార్డు:

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఆ ‘పాటలకి వచ్చారా’ అన్న మాట. దానికి జవాబు నేనిస్తా, చాలా ఏళ్లుగా ఇదే చదువుతున్నా.

జేమ్స్ రీస్ యూరప్ అని న్యూయార్క్ బ్యాండ్‌లీడర్, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం 369వ ఇన్ఫెంట్రీ రెజిమెంట్‌లో లెఫ్టినెంట్, మెషిన్ గన్ కంపెనీ. ఆ రెజిమెంట్ బ్యాండ్ కూడా ఆయనదే. 1918 మొదట్లో ఫ్రాన్స్‌లో దిగి ఫ్రెంచ్ జాతీయగీతం వాయిస్తే రేవులో జనానికి కాసేపు అది తమ గీతమేనని తెలియలేదట, లయ అంత కొత్తగా ఉంది. ఆయన ముందు వరసకీ వెళ్లాడు, విషవాయువు దెబ్బ కూడా తిన్నాడు, ఆ బ్యాండ్ ఫ్రాన్స్ అంతా తిరిగి వాయించింది కూడా. రెండు పనులూ ఒకే మనిషివి.

రెండో ప్రపంచయుద్ధంలో డేవ్ బ్రూబెక్, తర్వాత పేరుపడ్డ జాజ్ పియానిస్ట్. అప్పటికి ఇంకా పేరు లేని కుర్రాడు, 1944లో ఫ్రాన్స్‌లో యుద్ధరంగానికి పంపబోతుంటే సైనికుల కోసం పెట్టిన ఒక షోలో పియానో వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు, చెయ్యెత్తి వాయించాడు, విన్న కల్నల్ అతన్ని ఆపేసి బ్యాండ్ పెట్టమన్నాడు. వుల్ఫ్‌ప్యాక్ అని దాని పేరు. నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరువేరు దళాల్లో ఉంచిన ఆ సైన్యంలో వాళ్లు కలిసి ఒకే వేదిక మీద వాయించిన మొదటి బ్యాండ్‌లలో అదొకటి. సామాన్ల గదిలో అపరిచితులు కూర్చుని ఒకే లయకి తల ఊపడం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఆ యుద్ధంలో స్టెయిన్‌వే కంపెనీ సైన్యం కోసం ప్రత్యేకంగా చిన్న నిలువు పియానోలు చేసింది, విక్టరీ వర్టికల్ అని, ఆలివ్ రంగు వేసి, తేమకి ఊడని జిగురు వాడి, పురుగు పట్టకుండా చెక్కకి మందు పూసి, మోతలో విరుగుతాయని ముందు కాళ్లే తీసేసి. రెండు వేలకి పైగా చేశారు, శృతి చేసే పనిముట్లు కూడా దాంతోపాటే పంపేవాళ్లు. ఇనుముకీ రాగికీ అంత కరువున్న రోజుల్లో పియానో చేయనిచ్చారంటే, పంపినవాళ్లకి తెలుసు దాని అవసరమేంటో. సైనికుల కోసం 1943 నుంచి 49 దాకా వి డిస్క్‌లని రికార్డులు వేశారు, పన్నెండు అంగుళాలవి, పగలకుండా వినైల్‌తో, పెద్ద పెద్ద జాజ్ వాళ్లు డబ్బు తీసుకోకుండా వాయించారు. కొరియా యుద్ధం రోజుల్లో అమెరికన్ పియానిస్ట్ హాంప్టన్ హాస్ సైనికుడిగా జపాన్‌లో ఉండి, అక్కడి పియానిస్ట్ తొషికో అకియోషి లాంటి వాళ్లతో కలిసి వాయించాడు, చుట్టూ ఉన్న దేశంతో కూడా సంగీతమే మాట కలిపింది.

అందుకని ఆ కేస్ తీసేటప్పుడు తల వంచుకోకు.

బయటిచెవి:

చిన్న మాట. పాత డ్రమ్మర్ గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను, అరేంజ్‌మెంట్ మొత్తం పక్కన పెట్టించకండి. రెండు నెలలు చెమటోడ్చిన ఆ పాట ట్రంపెట్ అతను వెళ్లేలోపే ఎవరో ఒకరికి వినిపించండి, పదిమందికైనా సరే. వెళ్లేవాడికి కూడా ఒక ముగింపు కావాలి.

పాత_డ్రమ్మర్:

నిజమే, అది నాకు తోచలేదు. ఒప్పుకుంటున్నా.

టెనార్_తమ్ముడు:

అందరికీ చాలా చాలా థాంక్స్. మూడున్నర వారాలైంది, డ్యూటీ వల్ల ఇప్పటికి రాయగలిగా.

ముందు అరేంజ్‌మెంట్. ట్రంపెట్ అతను వెళ్లే ముందు రాత్రి రిపేరు షెడ్డులోనే వాయించాం, బేస్ లేకుండా, వినడానికి తొమ్మిదిమంది. చివరి కార్డ్‌లో (అందరం కలిపి పట్టే స్వరాల గుంపు) అతని నోట్ అందరికంటే ఒక క్షణం ఎక్కువసేపు నిలబడింది, కావాలనే ఆపలేదని తర్వాత చెప్పాడు. అన్న చెప్పినట్టు రికార్డ్ చేశా. ట్రంపెట్ ఇక్కడే వదిలేశాడు, వాల్వ్ ఆయిల్ గారూ, మీరన్నట్టే జరిగింది, తుడిచి మరీ ఇచ్చాడు.

షోకి ఎఫ్ బ్లూస్. కొత్తవాళ్లలో నొటేషన్ రానివాడు వైర్‌లెస్ సెక్షన్ కుర్రాడు, వాడికి ఆ ట్రంపెట్ ఇస్తే హెడ్ రిఫ్ రెండు రిహార్సల్స్‌లో పట్టేశాడు, సోలోలో మాత్రం మూడే మూడు నోట్లు వాయించాడు, ఎఫ్, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్, కానీ ఒక్కోటి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడు. ఏడో బార్‌లో తప్పిపోయి ట్రంపెట్ దించేసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ నా వైపు చూశాడు, నేను ఒకటో బార్‌కి తల ఊపగానే అందుకున్నాడు. బయట 36 డిగ్రీలుంది, కీబోర్డ్‌ని 443కి జరిపాం, లేకపోతే వినలేకపోయేవాళ్లం.

ఇంకో విషయం, వేదిక వెనక జనరేటర్ ఉంది, 50 హెర్ట్జ్‌ది, దాని రొద జి కంటే కొంచెం పైన మోగుతూ ఉంటుంది, మొదట్లో చిరాకేసింది గానీ రెండో పాటకొచ్చేసరికి మా కీబోర్డ్ అమ్మాయి ఇంట్రోలో ఎడమ చేత్తో దానికి దగ్గరగా జి పట్టుకుని అక్కడ్నుంచే సి మీదకి దిగింది.

నైట్ డ్యూటీ ఆయన వచ్చాడు. పొద్దున షిఫ్ట్ దిగేవాళ్ల కోసం ఈ ఆదివారం ఆరింటికి వాయిస్తారా అని అడిగాడు. వాయిస్తున్నాం. ఫోల్డర్‌లో మొదటి కాగితం మీద ట్రంపెట్ అతను పెన్సిల్‌తో ‘సోలో తొందరపడకు’ అని రాసి వెళ్లాడు, దాని కింద వైర్‌లెస్ కుర్రాడు నిన్న ‘సరే’ అని రాశాడు.