అప్‌డేట్: ఇటుకలతో మూసిన కిటికీ సంగతి తేలింది

లండన్‌లో మేం అద్దెకుంటున్న జార్జియన్ కాలపు (సుమారు 1714–1830) వరస ఇంట్లో, అంటే పక్కపక్కన గోడలు కలిపి కట్టిన ఇళ్ళలో ఒకదాంట్లో, పక్క గోడకున్న ఒక కిటికీని ఇటుకలతో ఎందుకు మూసేశారని, పై అంతస్తు కిటికీలు ఎందుకంత చిన్నవని పోయిన నెల అడిగాను కదా. చాలామంది కిటికీ పన్ను అన్నారు, అంటే ఇంటికున్న కిటికీల లెక్కన వేసే పన్ను తప్పించుకోడానికి మూసేసి ఉంటారని. ఆ పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉండేది. కానీ మా ఇంట్లో కారణం అది కాదు. మాది వరసలో చివరి ఇల్లు. మరమ్మతుకొచ్చిన మేస్త్రీ లోపలివైపు చూపించాడు: సరిగ్గా ఆ చోటే పొగగొట్టం పోతోంది. అంటే అక్కడ కిటికీ ఎప్పుడూ లేదు, గోడ బోసిగా ఉండకుండా ఆకారం మాత్రం కట్టారు!

చిన్న కిటికీల సంగతి సులువే. అతిథులు కూర్చునే మొదటి అంతస్తుకి పొడుగువి, పనివాళ్ళుండే పై గదులకి పొట్టివి.

ఈ పిచ్చితోనే ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి వెళ్ళి, నెలవంక ఆకారంలో ఉన్న ఇళ్ళ వరస రాయల్ క్రెసెంట్ చూశాం. వాస్తుశిల్పి జాన్ వుడ్ ది యంగర్ 1767–75 మధ్య కట్టించిన 30 ఇళ్ళు, ముందు నుంచి ఒకే రాజభవనంలా ఉంటాయి. వెనక్కి వెళ్తే ఏ ఇంటి తీరు దానిదే. ముఖం ఒక్కటే ఉమ్మడి, వెనక భాగం కొన్నవాళ్ళ ఇష్టం. నాకైతే వెనక వైపే నచ్చింది.

అన్నట్టు, చలిగాలి ఆపడానికి కిటికీలకి లోపలివైపు మూసే చెక్క తలుపులు ఉన్నాయేమో వెతకమని ఎవరో అన్నారు. కిటికీ పక్క గూట్లోనే మడిచి ఉన్నాయి, మీద రంగు పూసేశారంతే. గీకి తెరిచాం, ఇప్పుడు రాత్రిళ్ళు హాయిగా ఉంది.